కీలక ఖనిజాల మ్యాపులు దేశాలు కలిసి ఎందుకు వేస్తున్నాయి?

అడిగిన ప్రశ్న ఇది: "గాలియం, జర్మేనియం, రేర్ ఎర్త్స్ కోసం దేశాలన్నీ పోటీ పడుతున్న రోజుల్లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వ జియాలజీ సంస్థలు కలిసి కూర్చుని ఒకే డేటాబేస్, ఒకే మ్యాపు తయారు చేసుకోవడం ఏంటి? తమ నేల కింద ఏముందో పక్కవాళ్ళకు ఎందుకు చెప్తారు? నేను ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్నాను. ఇందులో మన దేశానికి, మన రాష్ట్రాలకు పనికొచ్చేది ఏమైనా ఉందా?"

ఖనిజాన్వేషణలో, అందులోనూ జియోకెమిస్ట్రీ (రాళ్ళ రసాయన విశ్లేషణ) డేటాతో చాలా ఏళ్ళు పనిచేశాను కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను. కొంచెం పెద్ద సమాధానమే, ఓపిగ్గా చదవండి.

మీ ప్రశ్నలో ఒక అనుమానం దాగి ఉంది. ఎవరి దగ్గరో పూర్తి లెక్క ఉంది, దాన్ని దాచుకోవడమో పంచుకోవడమో జరుగుతోంది అని. ఇనుము, బొగ్గు, బంగారం విషయంలో అలా అనుకోవచ్చు. కీలక ఖనిజాల్లో, అంటే పరిశ్రమలకు తప్పనిసరై, సరఫరా ఆగిపోయే ప్రమాదం ఉన్నవాటిలో, చాలావాటికి అసలు లెక్కే లేదు. గని నడిపే కంపెనీకి కూడా తన రాయిలో ఎంత జర్మేనియం ఉందో తెలియని సందర్భాలే ఎక్కువ. దాచుకోవడానికైనా ముందు తెలియాలి కదా.

ఎందుకు తెలియదో ఒక జింక్ గనిని తీసుకుని చూద్దాం. జింక్ దొరికే ముఖ్యమైన ఖనిజం స్ఫాలరైట్. తేనె రంగు నుంచి బొగ్గు నలుపు దాకా రకరకాలుగా ఉంటుంది. దాని స్ఫటికంలో జింక్ ఉండాల్సిన చోట కొద్ది కొద్దిగా వేరే మూలకాలు దూరతాయి. తక్కువ ఉష్ణోగ్రతలో ఏర్పడ్డ స్ఫాలరైట్‌లో జర్మేనియం, గాలియం, ఎక్కువ వేడిలో ఏర్పడ్డదానిలో ఇండియం ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. అన్నీ పీపీఎంలలోనే, అంటే టన్ను రాయికి గ్రాముల లెక్క. గని యజమాని ల్యాబ్‌కి శాంపిల్ పంపేటప్పుడు జింక్, సీసం, వెండి, ఇనుము అడుగుతాడు. ఆర్సెనిక్, పాదరసం లాంటివి కూడా అడుగుతాడు, ఎందుకంటే అవి ఎక్కువుంటే స్మెల్టర్ (ఖనిజాన్ని కరిగించి లోహం తీసే ఫ్యాక్టరీ) వాళ్ళు డబ్బు కోత పెడతారు. జర్మేనియానికి మాత్రం ఎవరూ పైసా ఇవ్వరు, కోతా పెట్టరు. కాబట్టి దాన్ని కొలిచే ఖర్చు ఎవరూ పెట్టుకోరు. పనికిరాని రాయి తీసేసి మిగిల్చిన జింక్ ఖనిజం పొడి, అంటే కాన్సెంట్రేట్, ఓడెక్కి ఇంకో దేశంలో స్మెల్టర్‌కి వెళ్తుంది. జర్మేనియం అక్కడ ఏ మడ్డిలోనో మిగిలిపోతుంది, లేదా ఆ స్మెల్టర్ తెలివైనదైతే తీసుకుని అమ్ముకుంటుంది.

గాలియం కథా ఇంతే. బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే ద్రావణంలోంచి వస్తుంది. టెల్లూరియం రాగి శుద్ధి చేసే తొట్టి అడుగున పేరుకునే మడ్డిలోంచి, రీనియం రాగి గనుల్లో దొరికే మాలిబ్డినైట్‌లోంచి వస్తాయి. ఇవన్నీ తోడుగా వచ్చే లోహాలు. వీటి కోసమే గని తవ్వేవాళ్ళు దాదాపు లేరు. 2023 ఆగస్టు 1 నుంచి చైనా గాలియం, జర్మేనియం ఎగుమతులకు లైసెన్స్ తప్పనిసరి చేసినప్పుడు మిగతా దేశాలకు టెన్షన్ మొదలైంది. "మన దగ్గర ఎక్కడుంది?" అని మంత్రులు అడిగితే సూటిగా జవాబు చెప్పగల ఫైలు చాలా ప్రభుత్వాల దగ్గర లేదు.

ఆ ఫైలు తయారు చేసే పని అంతకు ముందే మొదలైంది. 2019లో అమెరికా జియలాజికల్ సర్వే, కెనడా జియలాజికల్ సర్వే, జియోసైన్స్ ఆస్ట్రేలియా కలిసి 'క్రిటికల్ మినరల్స్ మ్యాపింగ్ ఇనీషియేటివ్' పెట్టుకున్నాయి. 2021 జూన్‌లో తొలి ఫలితం బయటపెట్టాయి. 60 దేశాల నుంచి వచ్చిన 7,000కు పైగా ఓర్ (లోహం ఉన్న ముడి ఖనిజం) శాంపిళ్ళ రసాయన విశ్లేషణలతో ఒక డేటాబేస్ అది. జియోసైన్స్ ఆస్ట్రేలియా పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, దింపుకోవచ్చు. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం వాళ్ళు విడిగా కూడబెట్టిన ఓర్ శాంపిళ్ళ డేటా కూడా అందులో కలిసింది.

7,000 అంటే చిన్న సంఖ్యే అనిపిస్తుంది. ఒక్క బంగారం కంపెనీ ఒక్క ఏడాదిలో అంతకు ఎన్నో రెట్లు శాంపిళ్ళు చేయిస్తుంది. తేడా ఎక్కడుందంటే, ఇక్కడున్నవి చుట్టుపక్కల మట్టీ రాయీ కాదు, నిజమైన ఓర్. ఒక్కో దాన్నీ రెండు మూడు మూలకాలకు కాక పెద్ద జాబితాకే కొలిచారు. పైగా ఏ శాంపిల్ ఏ రకం నిక్షేపం నుంచి వచ్చిందో అందరికీ ఒకే పద్ధతిలో రాశారు.

ఈ చివరి పని పైకి కనిపించేంత చిన్నది కాదు. బురద రాళ్ళలో పొరలు పొరలుగా ఏర్పడ్డ జింక్-సీసం నిక్షేపాన్ని కెనడా జియాలజిస్టు సెడెక్స్ అంటాడు. ఆస్ట్రేలియాలో మౌంట్ ఐసా రకం అంటారు, మెకార్థర్ రివర్ రకం అనేవాళ్ళూ ఉన్నారు. ఇంకొందరు ఎలా ఏర్పడిందో వాదన తేలలేదు కాబట్టి రాతిని బట్టే పేరు పెట్టాలంటారు. మీరు కంప్యూటర్‌ను "ఏ రకం నిక్షేపంలో జర్మేనియం ఎక్కువ?" అని అడిగితే, ఒకే వస్తువు నాలుగు పేర్లతో నాలుగు చోట్ల ముక్కలైపోయి, ఏ ముక్కలోనూ గట్టి లెక్క రాదు. అందుకే ఆల్బర్ట్ హాఫ్‌స్ట్రా, మూడు సంస్థల్లోని ఆయన సహచరులు కలిసి ముందు నిక్షేపాల వర్గీకరణ పట్టిక తయారు చేసి 2021లో ప్రచురించారు. ఏ వాతావరణంలో ఏర్పడింది, ఏ సమూహం, ఏ రకం అని మూడు మెట్లు. పదవుల్లో ఉన్న జియాలజిస్టుల చేత తమ పాత పేర్లు వదిలించి ఒకే పట్టికకు ఒప్పించడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్ళకే తెలుసు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన పని అదే. మ్యాపులు పాతబడతాయి, ఈ పట్టిక మాత్రం చాలా కాలం వాడుకలో ఉంటుంది.

ఇక ల్యాబ్ సంగతి. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అంతర్జాతీయ సహకారం అంటే మంత్రుల కరచాలనాలు అనుకునేవాళ్ళు చూడనిది ఇదే.

1940ల చివర అమెరికాలో రెండు రాళ్ళను పొడి చేసి, ఆ పొడినే పలు ల్యాబులకు పంపారు. ఒకటి రోడ్ ఐలండ్‌లోని వెస్టర్లీ గ్రానైట్, పేరు జీ-1. రెండోది వర్జీనియాలోని సెంటర్‌విల్ డయబేస్, పేరు డబ్ల్యూ-1. ఒకే పొడి కాబట్టి అందరికీ ఒకే జవాబు రావాలి. 1951లో ఫలితాలు ప్రచురించేసరికి పేరున్న ల్యాబుల మధ్య కూడా ఊహించనంత తేడాలు బయటపడ్డాయి. ఆనాటి దాకా రాళ్ళ విశ్లేషణల మీద ఉన్న నమ్మకాన్ని అది కదిలించింది. అప్పటి నుంచే అందరూ వాడే ప్రామాణిక రాతి పొడులు తయారు చేయడం అలవాటైంది. అమెరికా సర్వే వాళ్ళ బీహెచ్‌వీఓ-2 అనే హవాయి బసాల్ట్ పొడి ఈరోజు హైదరాబాద్ ల్యాబ్‌లోనూ ఉంటుంది, పెర్త్ ల్యాబ్‌లోనూ ఉంటుంది. హైదరాబాద్ ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) కూడా సొంతంగా ఇలాంటి ప్రామాణిక పొడులు తయారు చేసింది. సంతలో ఎవరి తక్కెడ వాళ్ళదైనా తూకం రాళ్ళు ఒకటే అయితేనే బేరం కుదిరినట్టు, ఈ పొడులు లేకపోతే ఒక దేశం 50 పీపీఎం, ఇంకో దేశం 50 పీపీఎం పక్కపక్కన పెట్టి పోల్చలేం.

ప్రామాణిక పొడి ఉన్నా చిక్కులు తీరవు. నాలుగు ఆమ్లాలతో రాయిని కరిగించడం మన దగ్గర మామూలు పద్ధతి. కానీ జిర్కాన్, క్రోమైట్, తగరం ఉండే కాసిటరైట్ అందులో పూర్తిగా కరగవు. రిపోర్టులో జిర్కోనియం, హాఫ్నియం, తగరం తక్కువ కనిపిస్తాయి, రాయిలో తక్కువ లేకపోయినా. వాటికి సోడియం పెరాక్సైడ్‌తోనో లిథియం బోరేట్‌తోనో రాయిని కరిగించి ముద్ద చేసే పద్ధతి కావాలి. జర్మేనియం ఇంకో రకం. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి వేడి చేస్తే క్లోరైడ్‌గా మారి నూరు డిగ్రీల లోపే ఆవిరైపోతుంది. ల్యాబ్ అబ్బాయి తెలియక అలా చేస్తే, రాయిలో ఉన్న జర్మేనియం కిటికీలోంచి పోతుంది, రిపోర్టులో సున్నాకు దగ్గర అంకె వస్తుంది. ఆ అంకె ఆధారంగా "ఈ బెల్టులో జర్మేనియం లేదు" అని ఎవరో రాసేస్తారు.

పాత రిపోర్టుల్లో ఇంకో ఉచ్చు ఉంది. యంత్రం కొలవగల కనీస స్థాయి కంటే తక్కువ ఉంటే ల్యాబ్ "<10" అని ఇస్తుంది, అంటే 10 కంటే తక్కువ, ఎంతో తెలియదు. ఎక్సెల్‌లోకి ఎక్కించేటప్పుడు ఒకరు ఆ గుర్తు తీసేసి 10 అని పెడతారు. ఇంకొకరు సున్నా పెడతారు. మరొకరు గడి ఖాళీగా వదిలేస్తారు. మూడు దేశాల పట్టికలు కలిపితే, ఏమీ లేని చోట 10 పీపీఎం జర్మేనియం పుట్టుకొస్తుంది, ఉన్న చోట మాయమవుతుంది. ఏ ల్యాబ్, ఏ ఏడాది, ఎలా కరిగించారు, ఏ యంత్రం, కనీస స్థాయి ఎంత అన్నవి అంకె పక్కన లేకపోతే ఆ అంకెను నేను వాడను, మీరూ వాడొద్దు. ఆ మూడు సంస్థలు కలిసి చేసిన పనిలో ఎక్కువ భాగం ఇలాంటి శుభ్రం చేసే పనే. పేపర్లలో ఫొటో రాని పని.

ఇప్పుడు మ్యాపు దగ్గరికి వద్దాం. ఏ దేశమూ ఒంటరిగా ఎందుకు వేయలేదో అర్థం కావాలంటే 2020లో నేచర్ జియోసైన్స్‌లో వచ్చిన ఒక పరిశోధన చూడాలి. మార్క్ హాగార్డ్, కరోల్ చార్నోటా, మరికొందరు చేసిన పని. భూమి పైపొర, అంటే లిథోస్ఫియర్, పాత ఖండాల కింద మందంగా ఉంటుంది, అంచుల్లో పలచబడుతుంది. ఆ మందం మారే గీతను ప్రపంచమంతా గీసి, అవక్షేప శిలల్లో ఉన్న రాగి, సీసం, జింక్ నిక్షేపాలను దాని మీద పెట్టి చూశారు. ఆ లోహాల్లో 85 శాతం ఆ మందపాటి పొర అంచుకు 200 కిలోమీటర్ల లోపే ఉన్నాయి. కోటి టన్నులకు మించిన అతి పెద్ద నిక్షేపాలైతే అన్నీ అక్కడే. నిక్షేపం వయసు ఎంతైనా సరే.

కారణం కూడా బాగానే కుదురుతుంది. అలాంటి అంచుల్లో భూమి సాగినప్పుడు లోతైన అవక్షేప బేసిన్లు (మట్టి, ఇసుక పొరలుగా పేరుకునే పల్లాలు) ఏర్పడతాయి. కింద మందపాటి పొర ఉండటం వల్ల వేడి తక్కువ. అడుగున మందంగా పేరుకున్న పొరల్లో ఉప్పునీళ్ళు లోహాలను కరిగించుకుని, పెద్ద పగుళ్ళ వెంట పైకొచ్చి, సల్ఫర్ ఉన్న రాళ్ళు తగలగానే లోహాన్ని వదిలేస్తాయి.

మరి ఆ గీత గీయడానికి డేటా ఎక్కడిది? భూకంప తరంగాలది. ఇండోనేషియాలో వచ్చిన భూకంపాన్ని ఆస్ట్రేలియా స్టేషన్ నమోదు చేస్తుంది. ఆ తరంగం దారిలో చల్లని మందపాటి రాయి తగిలితే వేగం పెరుగుతుంది, వేడి రాయి తగిలితే తగ్గుతుంది. లక్షల తరంగాల దారులు ఒకదాన్నొకటి ఖండించుకుంటేనే కింద బొమ్మ కనిపిస్తుంది. ఏ దేశమైనా తన స్టేషన్లతో, తన సరిహద్దుల్లో వచ్చే భూకంపాలతో మాత్రమే ఈ పని చేయలేదు. సీస్మాలజిస్టులు దశాబ్దాలుగా రికార్డులు పంచుకుంటున్నారు కాబట్టే ఇది సాధ్యమైంది. మీ ప్రశ్నలోని "ఎందుకు చెప్తారు" అన్నదానికి నాకు తెలిసిన గట్టి జవాబు ఇది. పక్కవాళ్ళ డేటా లేకుండా మన నేల కింద ఏముందో కూడా తెలియదు.

దీని తర్వాత 2022లో కెనడా సర్వేకి చెందిన క్రిస్టఫర్ లాలీ బృందం మూడు దేశాల వాళ్ళతో కలిసి ఇంకో అడుగు వేసింది. ట్యాక్సీ యాప్ ఉబర్ తన అవసరానికి తయారు చేసి అందరికీ వదిలిన హెచ్3 అనే షట్కోణాల గ్రిడ్ ఒకటుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా నేలంతటినీ ఆ షట్కోణాలుగా విడగొట్టారు. ఒక్కో గడికీ గురుత్వం, అయస్కాంతత్వం, భూకంప తరంగ వేగం, లిథోస్ఫియర్ అంచు ఎంత దూరం, పైన ఏ రాయి అన్న వివరాలు ఎక్కించారు. తెలిసిన జింక్-సీసం నిక్షేపాలున్న గడులు చూపించి మెషిన్ లెర్నింగ్ మోడల్‌కు నేర్పారు. మిగతా గడుల్లో ఎక్కడ పోలికలున్నాయో అది చెప్తుంది. వెతకాల్సిన విస్తీర్ణంలో 90 శాతానికి పైగా పక్కన పెట్టినా, తెలిసిన నిక్షేపాల్లో చాలా వరకు మిగిలిన భాగంలోనే పడ్డాయి. జింక్ ఎక్కడుంటుందో తెలిస్తే జర్మేనియం, గాలియం, ఇండియం ఎక్కడ వెతకాలో కూడా సగం తెలిసినట్టే.

ఈ మోడళ్ళను నేను గౌరవిస్తాను, కానీ ఒక జాగ్రత్త తప్పదు. మోడల్ నేర్చుకునేది ఇప్పటిదాకా మనకు దొరికిన నిక్షేపాల నుంచి. దొరికినవి ఎక్కడివి? రాయి బయటికి కనిపించిన చోటివి, రోడ్డు వెళ్ళిన చోటివి, ఎవరో డ్రిల్ చేసిన చోటివి. మందపాటి మట్టి, ఇసుక కప్పిన ప్రాంతాల గురించి దానికి తెలిసింది తక్కువ. ఆస్ట్రేలియా ఈ సంగతి ముందే గుర్తించింది. 'ఎక్స్‌ప్లోరింగ్ ఫర్ ద ఫ్యూచర్' కార్యక్రమం కింద 2016 నుంచి 2024 దాకా 22.5 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు పెట్టి, కప్పు కింద ఏముందో చూసే సర్వేలు చేసింది. 20 కిలోమీటర్లకు ఒక గీత చొప్పున విమానాలతో విద్యుదయస్కాంత సర్వే ఎగరేసింది. దానికి తోడు 55 కిలోమీటర్లకు ఒక చోట నేల మీద పరికరాలు పెట్టి, భూమి లోతుల్లో విద్యుత్తు ఎలా ప్రవహిస్తుందో కొలిచే జాతీయ సర్వే ఇంకోటి నడుస్తోంది. ఫలితాలన్నీ ఉచితం. తర్వాతే కంపెనీలు వచ్చి లైసెన్సులు తీసుకుంటాయి. ప్రభుత్వం ముందు దీపం పెట్టడం వల్ల ప్రైవేటు డబ్బు వస్తుందన్నది వాళ్ళ నమ్మకం, అది చాలా వరకు నిజమే అయింది.

సహకారం అన్నిచోట్లా సమానుల మధ్యే జరగదు. అఫ్గానిస్థాన్ సంగతి చూడండి. సోవియట్ కాలంలో వేసిన ఖనిజ మ్యాపులను 1990ల గందరగోళంలో అఫ్గాన్ జియాలజిస్టులు ఇళ్ళకు తీసుకెళ్ళి దాచి కాపాడారు, 2001 తర్వాత తిరిగి తెచ్చి లైబ్రరీలో పెట్టారు. ఆ పటాలే దారి చూపగా 2006లో అమెరికా సర్వే వాళ్ళు విమానంలో గురుత్వ, అయస్కాంత పరికరాలు పెట్టి దేశంలో 70 శాతం మీదుగా ఎగిరారు. 2010లో లక్ష కోట్ల డాలర్ల ఖనిజ సంపద అని పత్రికల్లో పతాక శీర్షికలు వచ్చాయి. సర్వే మంచి సర్వేనే. కానీ ఆ డాలర్ల అంకె జియాలజీ చెప్పే మాట కాదు. నేలలో ఉన్నదాన్ని మార్కెట్ రేటుతో గుణించడం మాత్రమే. తవ్వడానికి నీళ్ళు, రోడ్డు, కరెంటు, శాంతి ఉన్నాయా అని అది అడగదు. ప్రాణాలకు తెగించి ఆ పటాలు కాపాడినవాళ్ళ పేర్లు మాత్రం ఆ శీర్షికల్లో లేవు. నాకు అది ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

ఆఫ్రికాలో ఇంకో చిత్రం. ప్రపంచానికి కోబాల్ట్‌లో పెద్ద వాటా ఇచ్చేది కాంగో. వలస పాలనలో బెల్జియం వాళ్ళు అక్కడ చేసిన సర్వేల రికార్డులు చాలా వరకు బ్రస్సెల్స్ పక్కన టెర్వ్యూరెన్ మ్యూజియంలో ఉన్నాయి. తన నేల గురించిన కాగితాల కోసం ఒక దేశం ఇంకో ఖండానికి వెళ్ళాల్సి రావడం ఎలాంటి పరిస్థితో ఆలోచించండి. 2016లో మొదలైన పాన్‌ఆఫ్‌జియో కార్యక్రమంలో యూరప్ సర్వే సంస్థలు ఆఫ్రికా జియాలజిస్టులకు శిక్షణ ఇస్తున్నాయి. మంచిదే. అయితే శిక్షణతో పాటు డేటా అసలు ప్రతి ఎవరి సర్వర్‌లో ఉంది, దాన్ని ముందు ఎవరు చదువుతారు అన్నది కూడా ఒప్పందంలో రాయాలని నా అభిప్రాయం. ఏ ఒప్పందం చదివినా నేను మొదట వెతికే పేరా అదే.

2007లో మొదలైన వన్‌జియాలజీ గురించి కూడా ఒక్క మాట. దేశాల జియాలజీ మ్యాపులను ఒకే ప్రమాణంలో ఆన్‌లైన్‌లో పక్కపక్కన చూపించే ప్రయత్నం అది. రెండు దేశాల మ్యాపులు కలిసే చోట ఒకవైపు గ్రానైట్ అని, అవతలివైపు నైస్ అనే వేరే రాయి అని ఉండే సరిహద్దులు అందులో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఖనిజాల మ్యాపు వేసేవాళ్ళకు అదే మొదటి హెచ్చరిక.

ఇక మన సంగతి.

భారత్ 2023లో 30 కీలక ఖనిజాల జాబితా ప్రకటించింది. గాలియం, జర్మేనియం, ఇండియం, గ్రాఫైట్, లిథియం, రేర్ ఎర్త్స్ అన్నీ ఉన్నాయి. అదే ఏడాది ఖనిజ చట్టం సవరించి లిథియం, బెరీలియం, నియోబియం, టాంటలం లాంటి ఆరింటిని అణు ఖనిజాల జాబితా నుంచి తీసేశారు. అంతకు ముందు ప్రైవేటువాళ్ళు వాటి వైపు చూసే వీల్లేదు. 2023 డిసెంబర్‌లో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పోర్టల్ తెరిచారు. 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయలతో జాతీయ కీలక ఖనిజ మిషన్‌కు కేబినెట్ ఆమోదం తెలిపింది. దాని కింద 2030-31 నాటికి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేయాలి. మట్టి కప్పిన చోట్ల ఖనిజాలు వెతికే ఆస్ట్రేలియా 'అన్‌కవర్' నమూనాలో, జియోసైన్స్ ఆస్ట్రేలియా సహకారంతో జీఎస్ఐ 'అన్‌కవర్ ఇండియా' కూడా మొదలుపెట్టింది. 2023లో భారత్ చేరిన మినరల్స్ సెక్యూరిటీ పార్ట్‌నర్‌షిప్ వేరు. అది పెట్టుబడుల కూటమి, మ్యాపింగ్ కాదు. పేపర్లలో రెండూ కలిపేసి రాస్తుంటారు.

ఉత్సాహం ఉండాలి, తొందర వద్దు. 2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసిలో 59 లక్షల టన్నుల లిథియం అని ప్రకటన రాగానే బ్యాటరీల కొరత తీరిపోయినట్టే మాట్లాడారు. అది జీ3 స్థాయి అంచనా. అన్వేషణ జీ4తో మొదలై జీ1తో ముగుస్తుంది, అంటే ఇంకా మధ్య దారిలోనే ఉంది. లిథియం బంకమట్టి లాంటి రాళ్ళలో ఉంది, దాన్ని లాభసాటిగా తీసే పద్ధతి తేలాలి. వేలానికి పెడితే చాలినంత మంది ముందుకు రాలేదు. అదే ఏడాది అనంతపురం జిల్లాలో దంచెర్ల చుట్టుపక్కల సైనైట్ రాళ్ళలో రేర్ ఎర్త్స్ ఉన్నాయని ఎన్‌జీఆర్ఐ చెప్పింది. ఆసక్తికరమైన ఫలితం. కానీ ఆ మూలకాలు ఏ ఖనిజంలో ఉన్నాయి, ఆ ఖనిజం కరుగుతుందా అన్న పని ముందుంది. రేర్ ఎర్త్స్ విషయంలో ఎంత ఉంది అన్నదాని కంటే ఎందులో ఉంది అన్నదే పెద్ద ప్రశ్న.

మన నేలలో నాకు చాలా కాలంగా ఆసక్తి ఉన్న చోటు కడప బేసిన్. దాని ఈశాన్య అంచున, పల్నాడు జిల్లా వినుకొండ దగ్గర అగ్నిగుండాల ఉంది. అక్కడ బండలమోటులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రెండూ. సీసం తవ్వారు, తర్వాత గని మూతపడింది. అదే బేసిన్‌లో మంగంపేట ముగ్గురాయి, ప్రపంచంలోనే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. అలాస్కాలోని రెడ్ డాగ్ జింక్ గనిలో కూడా జింక్‌తో పాటు బెరైట్ భారీగా ఉంటుంది, అక్కడి కాన్సెంట్రేట్‌లో జర్మేనియం ఉంది. దీన్ని బట్టి మంగంపేట కింద జింక్ ఉందని నేను అనడం లేదు. అక్కడి అగ్నిపర్వత బూడిద పొరల కథ వేరు. పాత క్రేటాన్ (కదలని పురాతన ఖండ భాగం) పక్కన, లోతైన అవక్షేప బేసిన్, అందులో సీసం, రాగి, బెరైట్ అన్నీ కనిపిస్తున్నప్పుడు, ఆ మూడు దేశాల పద్ధతిని ఇక్కడ పెట్టి చూడటం సబబైన పని అంటున్నాను. ఇంకో విశేషం, బెరైట్ అమెరికా కీలక జాబితాలో ఉంది, మన 30లో లేదు. మనకు దండిగా ఉంది కాబట్టి. ఏది కీలకం అన్నది ఆయా దేశం అవసరాన్ని బట్టే తేలుతుంది.

తూర్పు కనుమల వైపు చూస్తే సహకారానికి ఇంకో కారణం ఉంది. విశాఖ, శ్రీకాకుళం కొండల రాళ్ళకు తోబుట్టువులు తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి. ఒకప్పుడు రెండూ ఒకే పర్వత పంక్తి. దక్షిణ భారతం, శ్రీలంక, మడగాస్కర్ కూడా అలాగే కలిసి ఉండేవి, మూడు చోట్లా గ్రాఫైట్ ఉంది. గ్రాఫైట్ మ్యాపు వేయాలంటే కొలంబో, అంటనానరివో సర్వే సంస్థలతో కూర్చోవడం మనకు సహజం. అమెరికా, ఆస్ట్రేలియా ఒప్పందాలకు వచ్చినంత ప్రచారం దీనికి రాకపోవచ్చు, రాళ్ళ పరంగా మాత్రం ఇదే దగ్గరి చుట్టరికం.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. విశాఖ ఏజెన్సీ బాక్సైట్ మీద ఆదివాసీలు ఏళ్ళ తరబడి ఎందుకు పోరాడారో మనందరికీ తెలుసు. బాక్సైట్‌లో గాలియం ఉంటుంది కాబట్టి రేపు అదే కొండల మీద "కీలక ఖనిజం" అన్న రంగు పడుతుంది. మ్యాపు మీద రంగు పడటం తవ్వడానికి అనుమతి కాదు. సర్వే హెలికాప్టర్ ఎగరకముందే ఊళ్ళోవాళ్ళకు వాళ్ళ భాషలో చెప్పడం, ఫలితాలు వాళ్ళకూ ఇవ్వడం జియాలజిస్టు బాధ్యత. గాలియం కావాలంటే ఇప్పటికే నడుస్తున్న అల్యూమినా ఫ్యాక్టరీల ద్రావణంలో ముందు వెతకాలి. కొత్త కొండ తవ్వక్కర్లేదు.

మీరు ఎమ్మెస్సీ అన్నారు కాబట్టి చివరగా చేయగల పని చెప్తాను. ఈ రంగానికి హైదరాబాద్ మించిన ఊరు మన దేశంలో లేదు. బండ్లగూడలో జీఎస్ఐ సదరన్ రీజియన్ ఆఫీసు, శిక్షణ సంస్థ ఉన్నాయి. ఉప్పల్‌లో ఎన్‌జీఆర్ఐ, బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్ ఉన్నాయి. ముందు జియోసైన్స్ ఆస్ట్రేలియా పోర్టల్ నుంచి ఓర్ డేటాబేస్ దింపుకుని, అవక్షేప శిలల్లోని జింక్-సీసం రకాలను మాత్రమే విడదీసి, జర్మేనియం, ఇండియం, గాలియం ఎలా మారుతున్నాయో గ్రాఫులు గీయండి. తర్వాత మన రిపాజిటరీలో కడప బేసిన్ టోపోషీట్ల (సర్వే పటాల) జియోకెమికల్ డేటా తీసి పక్కన పెట్టండి. జర్మేనియం కాలమ్ ఉందా, ఉంటే కనీస స్థాయి ఎంత, ఎలా కరిగించారు అన్నది రాసుకోండి. ఆ తర్వాత మీ గైడ్ ద్వారా అగ్నిగుండాల పాత కోర్ శాంపిళ్ళు (డ్రిల్ చేసి తీసిన రాతి ముక్కలు) ఎక్కడున్నాయో కనుక్కుని, వాటిలో స్ఫాలరైట్ ఉన్న ముక్కలు కొన్ని ఇవ్వమని లిఖితపూర్వకంగా అడగండి. లేజర్ ఐసీపీ-ఎంఎస్ (లేజర్‌తో రాయిని కొద్దిగా ఆవిరి చేసి మూలకాలు కొలిచే యంత్రం) ఉన్న ల్యాబ్ అయితే ఆమ్లాల బెడద లేకుండా నేరుగా స్ఫటికం మీదే కొలవచ్చు. శాంపిల్ దొరికితే ఇక్కడే రాయండి, ఏ ప్రామాణిక పదార్థంతో సరిచూసుకోవాలో చెప్తాను.